అత్తగారి పటిక

మూడో గుడ్డ తాను కూడా ఎర్రగా తేలాల్సింది పోయి, ఎండిన కార్జం రంగులో తేలింది. అద్దకం షెడ్డులో ఎనిమిదిమంది పనివాళ్ళూ చూస్తుండగా అత్త ఆ మాట మళ్ళీ అంది.

"మంజిష్ఠ వేరు మంచిదే, నీళ్ళూ మంచివే. ఈ పిల్ల చెయ్యే మంచిది కాదు. రేపట్నుంచి తొట్టి ముట్టుకోకు. మడతలు పెట్టుకో, చాలు."

కోడలికి ఒళ్ళు మండిపోయింది. పుట్టింట్లో పదకొండేళ్ళు రంగులు కలిపిన చెయ్యి అది. తొట్టి దగ్గర్నుంచి లేపేస్తే ఇక ఆమెకు మిగిలేదేముంది?

గుడ్డకు ఎరుపు అంటుకోవాలంటే ముందు దానికి పటిక పట్టాలి. పటిక ఈ ఇంట్లో అత్తగారి సొత్తు. పొటాషియం పటిక అని అచ్చేసిన బస్తాలోంచి ముక్కలు తీసి, వేడినీళ్ళలో కరిగించి, వడగట్టి, షెడ్డు మూలనున్న గాజు జాడీలో పోసి, కొసన గాజుపూస కట్టిన దారం వేలాడదీస్తుంది. నీళ్ళు చల్లారేకొద్దీ పటిక ఆ దారాన్ని పట్టుకుని తేటగా, పలకలు పలకలుగా పెరుగుతుంది. ఆ జాడీని ఇంకెవరైనా ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరేస్తుంది.

కోపంలో కోడలు అదీ మరిచిపోయింది. రెండు గ్లాసులు తెచ్చింది. బస్తా పటిక కరిగించిన నీళ్ళలో పాలు లేని టీ చుక్క వేస్తే ఏమీ కాలేదు. జాడీ పటిక నీళ్ళలో వేస్తే సిరాలా నల్లబడింది. టీని అలా నల్లబరిచేది ఇనుమే! పటికలో ఆవగింజంత ఇనుము కలిసినా ఎరుపు చచ్చిపోతుందని అద్దకం ఇళ్ళలో పసిపిల్లలకీ తెలుసు.

దారం పైకి లాగింది. ఎప్పుడూ గాజుపూస ఉండే కొసన మామగారి షెడ్డు తాళంచెవి, తుప్పు కారుతూ. ఆయన పోయి నెలయింది. మూడు తాన్లూ ఆ నెలలోవే.

"ఏమిటత్తయ్యా ఇది?"

"ఆయన చెయ్యి తగిలింది కదా... కలిసొస్తుందని..." అంది అత్త.

కోడలికి జాలేసింది. కోపం మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

అత్త తాళంచెవిని తుడిచి ఆమెకు అందించబోయింది. "తీసుకో. ఇకమీదట షెడ్డు నువ్వే చూసుకో."

కోడలు చెయ్యి చాపలేదు. "ఈ చెయ్యి మంచిది కాదుగా! పదిమందిలో అన్నారు, పదిమందిలోనే వెనక్కి తీసుకోండి."

పనివాళ్ళు పని ఆపారు. అత్త గొంతు సవరించుకుని, "మా కోడలి చెయ్యి మంచిదే," అని గోడకు చెప్పింది.

"గోడకి కాదు," అంది కోడలు.