తోడుగా వెళ్లే మనిషి

"ఇంకొంచెం గట్టిగా పిసుకమ్మాయ్. ఆ దీవిలో బేకరీ ఉండదు" అంది మా అత్తగారు ఎర్నెస్తీనా, పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని నా చేతులవైపే చూస్తూ.

నేను పిసుకుతూనే ఉన్నాను. పిండిలో పంది కొవ్వు వేసి, గోరువెచ్చని ఉప్పునీళ్లు పోసి, అరచేత్తో నొక్కి, మడిచి, మళ్లీ నొక్కి. బయట మా రేవు ఊరు తాల్కవానోలో ఎప్పుడూ కురిసే వానే. దీవికి వెళ్తామో లేదో ఇంకా ఖాయం కాలేదు. ఈవిడ మాత్రం నాకు రొట్టెల తర్ఫీదు మొదలుపెట్టేసింది. దేశానికి దక్షిణం చివర, ఆ దీవిమీద ఒక దీపస్తంభం. ఏడాదిపాటు అక్కడ ఒకటే కుటుంబం. మొగుడు, పెళ్లాం, పిల్లలు, గాలి. ఒంటరి మగాడైతే పిచ్చెక్కిపోతాడని నేవీవాళ్లు అలాంటి చోటికి పెళ్లైనవాణ్ణే పంపుతారు. పంపేముందు పెళ్లాన్నీ పిల్లల్నీ పిలిచి, గదిలో విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. అందరూ సరేనంటేనే ఉత్తర్వు. మా ఇంటర్వ్యూ మర్నాడు పొద్దున.

అక్కడ ఏడాది చేసి వస్తే నా భర్త ఒస్వాల్దోకి ప్రమోషన్. చెయ్యకపోతే సార్జంటుగానే రిటైరవుతాడు. నాకేమో వచ్చే మార్చి నుంచి మున్సిపాలిటీ బాలబడిలో పర్మనెంటు టీచరు ఉద్యోగం. ఈ రెండు సంగతులూ ఇంట్లో అందరికీ తెలుసు. మాట్లాడేది మాత్రం మొదటిదాని గురించే. రెండోదాన్ని నా పేరు పెట్టి "మిరేయా చిన్నపిల్లల వ్యవహారం" అంటారు.

"నీ అదృష్టం నీకు తెలీదు" అంది అత్తగారు. "మీ మావయ్య చేపల పడవమీద పోయాడు. శవం కూడా రాలేదు. పడవ ఓనరు ఒక పంచదార పొట్లం తెచ్చిచ్చి, ఇక్కడే కూర్చుని నాకంటే ఎక్కువ ఏడ్చి వెళ్లాడు. సముద్రం ఎటూ మగాణ్ణి తీసుకుపోతుందమ్మాయ్. జీతమిచ్చి మరీ తీసుకుపోయేది నేవీ ఒక్కటే."

ఆవిడ మాటలో అబద్ధం లేదు. అదే నా బాధ. ఆవిడ రెండు కళ్లకీ శుక్లాలు తీసింది నేవీ ఆసుపత్రిలోనే, పైసా లేకుండా. మా కూతురు ఆంపారో పుట్టింది కూడా అక్కడే, తెల్లటి దుప్పట్ల మధ్య. పక్కవీధిలో చేపల ఫ్యాక్టరీ మూతపడి మగాళ్లంతా గుమ్మాల్లో కూర్చున్న ఏడాది కూడా మా ఇంట్లో జీతం ఆగలేదు. ఇల్లు వాళ్లదే, పింఛనూ వాళ్లదే. ఇవన్నీ నేను ప్రతి బదిలీకీ తెరలు మడుస్తూ మనసులో అనుకునేదాన్ని. ఇకీకె, పుంతా అరేనాస్, వాల్పరైసో. ఏ ఊళ్లోనూ కిటికీలు ఒక్క కొలతవి కావు. ఒకచోట తెర కురచ, ఇంకోచోట నేలమీద ఈడుస్తుంది. ప్రతిచోటా విప్పి మళ్లీ కుట్టాలి. నా ఉద్యోగమూ అంతే. సెలవులో ఉన్న ఎవరి బదులో చేరడం, పిల్లలు నా పేరు పలకడం నేర్చేసరికి పెట్టెలు కట్టడం. ఏ బళ్లో అయినా నేను కొత్త టీచర్నే.

ఇంతకుముందు ఒక దీపస్తంభంలో ఏడాది చేశాం. అక్కడ నా కొడుకు పుట్టీపుట్టకుండానే పోయాడు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. "ఆ ఏడాది" అంటారు, అంతే.

సాయంత్రం ఒస్వాల్దో వచ్చాడు. వేడి రొట్టె విరిచి, అవకాడో మెదిపి రాసుకుని, నోటినిండా పెట్టుకుని నన్నూ ఆంపారోనీ పాఠం అప్పజెప్పించుకున్నట్టు కూర్చోబెట్టాడు.

"అక్కడికి వెళ్లడం ఇష్టమేనా అంటారు. ఏం చెప్తావ్ బంగారం?"

"ఇష్టమే. పెంగ్విన్లు ఉంటాయి కదా" అంది ఆంపారో.

"శభాష్. నువ్వు?"

"నాకు పెంగ్విన్లతో పనేముంది?" అన్నాను.

అత్తగారు కిసుక్కున నవ్వింది. ఒస్వాల్దో నవ్వలేదు. "జోకులొద్దు మిరే. అసలు అక్కడ నీకేం పని ఉంటుంది చెప్పు. బజారా, బస్సా, ఎవరి తలనొప్పైనా ఉందా? ఒక రకంగా నీకు విశ్రాంతి. నవ్వుతూ మాట్లాడు. ఏడవకు, ఏడిస్తే రాసుకుంటారు. వాళ్లు అడిగితే తప్ప ఆ ఏడాది సంగతి ఎత్తకు."

చెడ్డవాడు కాదు ఒస్వాల్దో. చెయ్యెత్తి ఎరగడు, తాగి పడిపోడు. సముద్రం మీదనుంచి వచ్చినప్పుడల్లా నా జుట్టు వాసన చూస్తాడు. అందుకే అతనికి ఎదురు చెప్పాలంటే నాకు నోరు పెగిలేది కాదు.

మర్నాడు నేవీ ఆఫీసులో ముందు ఆంపారోని పిలిచారు, తర్వాత అతన్ని, ఆఖర్న నన్ను. లోపల ఉన్నది ఒక్కర్తే, సైకాలజిస్టు లెఫ్టినెంటు, చిన్న వయసు ఆడపిల్ల. నన్ను చూసి లేచి నిలబడి కుర్చీ చూపించింది. కాగితంమీద నా పేరుండే చోట "తోడుగా వెళ్లేవారు: భార్య" అని ఉంది.

"మీవారి రికార్డు చాలా బాగుంది సెన్యోరా. దీపస్తంభంలో ఉన్న ఏడాది ఒక్క వాతావరణ రిపోర్టు కూడా తప్పలేదు. మెప్పుపత్రం ఇచ్చారు."

"అందులో సగం నేను పంపినవే" అన్నాను. అలా అంటానని నాకే తెలీదు. "ఆయన పడుకున్నప్పుడు, ఇంజను బాగుచేస్తున్నప్పుడు నేనే చూసి చెప్పేదాన్ని. నా కొడుకు పోయిన రోజు కూడా."

ఆ అమ్మాయి కలం ఆగింది. నేను ఆగలేదు.

"నొప్పులు ముందే వచ్చేశాయి. ఒస్వాల్దో పడవ కోసం కింద రేవు దగ్గరికి పరిగెత్తాడు. పడవ బయల్దేరిందన్నారు, దారిలో ఉందన్నారు. నేను రేడియో గదిలో నేలమీద ఉన్నాను, లేవలేకపోయాను. ఇంతలో రిపోర్టు వేళయింది. రేడియోలో నేవీవాళ్లు పిలుస్తున్నారు. ఎవరో ఒకరు చెప్పాలి కదా. బల్ల పట్టుకుని లేచి, గాలి మీటరు ముల్లు చూసి, కిటికీలోంచి అలలు చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గాలి నైరుతినుంచి, పెరుగుతోంది. అలలు ఆరు మీటర్లు. రేవు కనపడటంలేదు. ఆ మాట విని పడవ వెనక్కి తిరిగిపోయింది."

"మీరు..."

"తిరక్కపోతే అందులోవాళ్లు పోయేవాళ్లు. అది నాకు తెలుసు. ఎవరి తప్పూ లేదు. కానీ నా బిడ్డ దగ్గరికి రావద్దని నా నోటితో నేనే చెప్పాను. ఆ రిపోర్టు ఎవరు పంపారని ఇంతవరకూ ఎవరూ నన్నడగలేదు. మా ఆయన కూడా."

ఆ అమ్మాయి నీళ్ల గ్లాసు నావైపు జరిపింది. "ఇది నేను అడిగి తీరాలి. మీరు ఇష్టంతోనే వెళ్తున్నారా?"

"లేదు. వెళ్లను."

ఆమె ఆశ్చర్యపోలేదు. గొంతు తగ్గించింది. "ఎవరు కాదన్నారో మేం బయటికి చెప్పం. 'కుటుంబం సరిపోలేదు' అని రిపోర్టు వెళ్తుంది, అంతే. చాలామంది భార్యలు అలాగే రాయించుకుంటారు సెన్యోరా. ఇంట్లో గొడవ ఉండదు. మీవారికి తెలియాల్సిన అవసరం లేదు."

ఎంత మంచి పిల్ల. ఎంతమంది ఆడవాళ్లు ఈ కుర్చీలో కూర్చుని గుసగుసగా వద్దని, ఇంటికెళ్లి మొగుళ్లతోపాటు "అయ్యో, రాలేదా" అని విచారించి ఉంటారో. నా ప్రాణమూ ఒక్క క్షణం అటే లాగింది. వంట చేసుకుంటూ, తెర కుట్టుకుంటూ, బతికినన్నాళ్లూ ఆ అబద్ధాన్ని కూడా నేనే మోసుకోవచ్చు. అలవాటైన పనే.

బయట వరండాలో ఒస్వాల్దో నన్ను చూసి లేచాడు. జుట్టుకి నీళ్లు రాసి దువ్వుకున్నాడు, పొద్దున నేను చూడలేదు. "ఎలా జరిగింది? నవ్వావా?"

"నేను రానని చెప్పాను, ఒస్వాల్దో."

ముందు నవ్వబోయాడు. తర్వాత నా మొహం చూసి బెంచీమీద కూర్చుండిపోయాడు. ఆంపారో మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అతని భుజాలు అంత కిందికి జారడం నేనెప్పుడూ చూడలేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోనిచ్చాడు గానీ వేళ్లు ముడవలేదు.

"అమ్మకి ఏం చెప్పను?" అన్నాడు నేలవైపు చూస్తూ. "ఓడలో అందరికీ ఏం చెప్పను? కుటుంబం సరిపోలేదన్నారని చెప్దాం మిరే. అందరూ అలాగే చెప్తారు."

"కుటుంబం అనకు" అన్నాను. "మిరేయా వద్దందని చెప్పు. ఎందుకని అడిగితే నా దగ్గరికి పంపు."