నీడ కుట్టే ఆవిడ, ఆకు కుట్టే పిట్ట

పొద్దున్నే మిషన్ మీది గుడ్డ తీయడం, చక్రానికి రెండు చుక్కలు నూనె వేయడం, సూదిలో దారం ఎక్కించడం. కుట్టుపనావిడకి ఇరవై ఏళ్లుగా ఇదే వరస. వీధి మలుపు దాటి ఎరగదు. ఎవరూ వద్దనలేదు. పనే వదల్లేదు.

గౌన్లు, చొక్కాలు, దిండు గలీబులు కుట్టేది. వాటితోపాటు నీడలకీ అతుకులు వేసేది. ఒక రోజు పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి కాలు ముందుకి చాపాడు.

"అక్కా, మడమ దగ్గర అరిగిపోయింది. ఈడ్చుకుంటూ తిరుగుతున్నా."

"నువ్వు తిరిగే తిరుగుడికి ఇనప నీడైనా ఆగదు," అని నల్లదారంతో నాలుగు కుట్లు వేసింది. "సాయంత్రం దాకా తడపకు."

అతను వెళ్లాక పెరట్లోకి వచ్చింది. అంజూరు మొక్కకి బొటనవేలంత పిట్ట ఒకటి గూడు కట్టింది. రెండు ఆకుల అంచులు కలిపి, ముక్కుతో పొడిచి, సాలెదారంతో కుట్టుకుంది. లోపల దూది, దూదిలో మూడు పిల్లలు. ఇంకా కళ్లు తెరవలేదు. గూడుకి ఒకపక్క కుట్టు వదులై జారుతోంది.

వదులు కుట్టు కనబడితే ఆవిడ చెయ్యి ఊరుకోదు. తల్లి మేతకి వెళ్లిన సందు చూసుకుని, దారం తెచ్చి బిగుతుగా కుట్టేసింది. ముచ్చటగా వచ్చిందనుకుంది.

మధ్యాహ్నం మూడు దాటాక అత్తగారు పెరట్లోంచి కేక పెట్టింది.

"ఎంత పని చేశావే! పచ్చాకు మీద తెల్లదారమా? కాకికి చీటీ రాసి పెట్టినట్టుంది."

"పచ్చదారం అయిపోయిందత్తయ్యా. కుట్టు బాగానే వచ్చిందిగా."

"బాగా రావడమే కొంప ముంచింది."

గోడ మీద కాకి మెడ వాల్చి ఆ తెల్లటి గీతనే చూస్తోంది. తరిమితే పక్కగోడ మీద వాలింది. ఇంకొకటి వచ్చింది. అంత చిన్న తల్లిపిట్టా అరుస్తూ వాటి మీదికి దూకుతోంది. కుట్టు విప్పుదామంటే ఆకు చిరుగుతుంది, పిల్లలు కింద పడతాయి. ఆవిడకి ఏడుపొచ్చింది. తన చేత్తోనే చేసింది మరి.

కాళ్ల ముందు తన నీడ నిలువెత్తు సాగి ఉంది. ఆవిడ దానివైపే చూస్తోందని అత్తగారు కనిపెట్టింది.

"ఇంకొకళ్ల నీడకి అతుకెయ్యడం వేరు, సొంతది కొయ్యడం వేరు. మళ్లీ మొలవదు. నీడ లేని మనిషికి ఒకచోట కాలు నిలవదు. మా మేనత్త అలాగే దీపం ఆర్పడానికి లేచి వెళ్లింది. ఇంకా రాలేదు."

"అయితే వాటిని తినెయ్యనిమ్మంటారా?"

అత్తగారు లోపలికి వెళ్లి కత్తెర తెచ్చి చేతికిచ్చింది. "అంచు మడిచి కుట్టు. పోగులు లేస్తాయి."

ఆవిడ మెట్టు మీద కూర్చుని కాలి బొటనవేలి దగ్గర కత్తెర పెట్టింది. నొప్పి లేదు. తడిబట్ట విప్పినట్టు చల్లగా ఉంది, అంతే. నీడని మొక్క మీద కప్పి, నాలుగుపక్కలా టాకాలు వేసింది.

కాకి దూకింది. నీడ కిందికి రాగానే దానికి పొద్దుగూకింది. గాలిలోనే తడబడి, నోరు బార్లా తెరిచి ఆవులించి, గూటిదారి పట్టింది. రెండోదీ అంతే. తర్వాత పక్కింటి పిల్లి పాక్కుంటూ వచ్చి, మొక్క కింద ముడుచుకుని గుర్రు పెట్టింది. తల్లిపిట్టకి మాత్రం ఆ చీకట్లో పిల్లల పచ్చటి నోళ్లు కనబడుతూనే ఉన్నాయి.

పదిరోజులు కాకులు మిట్టమధ్యాహ్నం వచ్చి నిద్రమొహాలతో వెళ్లాయి. అన్ని రోజులూ ఆవిడ కాలు నేల మీద ఆననంటుంటే, మిషన్ బల్ల కోడు పట్టుకుని కూర్చుంది.

పదకొండో పొద్దున టాకాలు ఒక్కొక్కటే తెగాయి. మూడు పిల్లలూ ఎగిరాయి. నీడ కూడా మూడు చీలికలై వాటి వెంట లేచింది. పిట్టలేమో బొటనవేలంత. గోడల మీద, కప్పుల మీద పాకుతున్న నీడలు మాత్రం మనిషంత, ముగ్గురు ఆడవాళ్లు కొప్పులతో ఎగురుతున్నట్టు. వీధిలో ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. పోస్టుమాన్ టోపీ తీశాడు.

ఆవిడ చెయ్యి బల్లకోడుని వదిలేసింది.

"చెప్పులేసుకోవే," అంది అత్తగారు, ఎండకి కళ్లు చికిలించి. "దూరం వెళ్లాలి."

మలుపు దాటగానే ఇంకో వీధి వచ్చింది. దాని చివర ఒక నది. అన్ని నీళ్లు ఒక్కచోట ఉంటాయని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మూడు నీడలూ అప్పటికే అవతలి ఒడ్డు ఎక్కుతున్నాయి. ఆవిడ వంతెన ఎక్కింది.