మెరుపు లేని ఫొటో

నాలుగూ ఇరవై ఐదు. పద్దెనిమిదో ఫొటోలోనూ మంగాయమ్మగారి కళ్లు మూసుకునే ఉన్నాయి.

"ఐదులోపు ఫొటో పంపకపోతే వీసా ఫైలు వచ్చే వారానికి పోద్దండి చిట్టిబాబుగారూ," ఏజెంటు అంజిబాబు ఫోన్లో మూడోసారి హెచ్చరించాడు.

వచ్చే వారానికి మస్కట్‌లో ఆవిడ కూతురు కామేశ్వరి పురుడు కూడా అయిపోతుంది. తొలికాన్పుకి అమ్మ పక్కన ఉండాలని ఆ పిల్ల పట్టు. అందుకే మంగాయమ్మగారు అల్లవరం నుంచి వానలో అమలాపురం వచ్చి, చిట్టిబాబు స్టూడియోలో స్టూలు మీద శిలలా కూర్చున్నారు. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"పిన్నిగారూ, ఫ్లాష్ వెలగ్గానే ఏంటండీ ఆ గొణుగుడు?"

"అర్జునా ఫల్గుణా అనుకుంటన్నాను బాబూ. మెరిస్తే కళ్లు మూసుకుని అలా అనుకోమని చిన్నప్పుడు మా అమ్మ నేర్పింది. ఆపుదామన్నా ఆగట్లేదు."

చిట్టిబాబుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కెమెరా మీది చక్రం పచ్చ గుర్తు దగ్గర ఉంది. అంటే ఆటో, పెత్తనమంతా కెమెరాదే. వాన చీకటి చూసి ఫ్లాష్ తనంతట తనే పడగెత్తుతోంది. ఆ చక్రం కదలకుండా నాలుగేళ్ల కిందట నల్ల టేపు వేసింది అతనే. ముక్తేశ్వరం పెళ్లిలో చెయ్యి తగిలి అది తిరిగిపోతే తలంబ్రాలన్నీ మంచు కురిసినట్టు వచ్చాయి మరి.

"ఆ టేపు పీకి 'ఏ'లో పెట్టండి," అంది ఆల్బమ్ అంటిస్తున్న భార్య లక్ష్మీదుర్గ.

"ఏ అంటే ఆటోయేగా! ఇప్పుడున్నదీ అదే."

"ఆయ్, పదేళ్లుగా స్టూడియో నడుపుతున్నారు! ఏ అంటే అపెర్చరండీ బాబూ. లెన్సు కన్ను ఎంత తెరవాలో మనం చెప్తాం, ఎంతసేపు తెరవాలో అది చూసుకుంటాది. 'ఎస్' అంటే షట్టరు, అందులో తిరగేసి, ఎంతసేపో మనం చెప్పాలి. రెండిట్లోనూ మనం ఎత్తితేనే ఫ్లాష్ లేస్తాది."

"అయితే ఎస్ పెడతాను. టక్కున కొట్టేస్తే రెప్ప వాల్చే టైముండదు."

"ఈ చీకట్లో టక్కున కొడితే పిన్నిగారు బొగ్గులా వస్తారు. ముందు కెమెరా కన్ను తెరవండి, ఆవిడ కళ్లు అవే తెరుచుకుంటాయి."

నాలుగూ నలభై. చిట్టిబాబు టేపు గోటితో పీకి, చక్రం 'ఏ'కి తిప్పాడు. స్టూలు గుమ్మం దగ్గరికి, కెమెరా స్టాండు మీదికి చేరాయి. వెనక దుర్గ తెల్ల దుప్పటి పట్టుకుంది. అపెర్చర్ నంబరు ఎంత చిన్నదైతే లెన్సు కన్ను అంత పెద్దదట. చివరిదాకా తగ్గించాడు.

"కదలకండి పిన్నిగారూ."

మెరుపు ఇప్పుడొస్తుంది, ఇదిగో వస్తుందని ఆవిడ గుడ్లప్పగించి చూస్తున్నారు. టి...క్.

"ఇంకా మెరవలేదేం బాబూ?"

"అయిపోయిందండీ!"

తెరమీద కళ్లు కలువల్లా ఉన్నాయి. ఫొటో పంపిన నిమిషానికి, "ఫైల్లోకి ఎక్కేసిందండోయ్!" అని అంజిబాబు కేక.

మంగాయమ్మగారు ఫొటో తనివితీరా చూసుకున్నారు. "పెళ్లి ఫొటో చూసి మా అత్తగారు నన్ను ముప్ఫై ఏళ్లు నిద్రమొహం అన్నారమ్మా. ఇప్పుడుంటేనా, చూపించేదాన్ని!"

అంతలో ఆకాశం ఫెళ్లుమంది. అందరికంటే ముందు కళ్లు మూసుకున్నది చిట్టిబాబే.

"అర్జునా ఫల్గు..."

టి...క్. కళ్లు తెరిచేసరికి కెమెరా దుర్గ చేతిలో ఉంది.