జులైలో కొత్త సంవత్సరం

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మా రేడియో స్టేషన్ కంప్యూటర్ లేవడానికి అన్నం వండుకుని తినేంత సేపు పట్టేది. మా ఊళ్లో కరెంటు పోవడం వింతేమీ కాదు. ఫిలిప్పీన్స్‌లో పనాయ్ దీవికి పడమటి అంచున, కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు మాది. కొండ మీద ఒక కొబ్బరి మట్ట తీగ మీద పడినా ఊరంతా చీకటే. కరెంటు రాగానే ట్రాన్స్‌మిటర్ లేస్తుంది. ప్రార్థనలు, పాటలు, ప్రకటనలు వేళకు వేసే కంప్యూటర్ మాత్రం లేవదు. అంతసేపూ రేడియోలో హోరు తప్ప ఏమీ వినబడదు.

పొద్దుటి కార్యక్రమం నాది. పడవల వాళ్లు వేటకు వెళ్లే ముందు సముద్రం కబురు కోసం మా స్టేషనే పెట్టుకుంటారు. హోరు వినిపించిన రోజున చేపల మార్కెట్లో నాకు తిప్పలు. "ఏం మనాంగ్ చోలింగ్, పొద్దున లేవలేదా? మీ ఆయన గురకే ప్రసారం చేసినట్టున్నారు" అనేవాళ్లు. మనాంగ్ అంటే మా భాషలో అక్క, మనోంగ్ అంటే అన్న.

కొత్త కంప్యూటర్ తెచ్చుకుందామంటే అదీ కుదరలేదు. పాటలు వేసే సాఫ్ట్‌వేర్ మా పాతదాంట్లో తప్ప నడవదు. దాన్ని రాసినవాడు రుస్తికో. ఒకప్పుడు మా స్టేషన్‌లోనే ఉండేవాడు. ఇప్పుడు రేవు దగ్గర పడవల ఇంజన్లు బాగుచేసుకుంటున్నాడు. ఆయన్ని పిలుద్దామని మా స్టేషన్ పెద్ద మనోంగ్ దోరో దగ్గర అనగలిగేవాళ్లు ఎవరూ లేరు. ఇద్దరికీ మాటలు లేక తొమ్మిదేళ్లు.

అందుకని హైస్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే మైలీన్‌ని పిలిచాం. శనివారం సుమన్ పట్టుకుని వచ్చింది, ఆకుల్లో చుట్టి ఉడికించిన బియ్యపు పిండివంట. కంప్యూటర్‌ని ఒకసారి ఆపి, మళ్లీ వేసి, అది లేచేదాకా మాట్లాడకుండా చూస్తూ కూర్చుంది. మేం రెండేసి సుమన్‌లు తినడం పూర్తయింది.

"ఇది ముసలిదై కాదు మనాంగ్," అంది చివరికి. "కళ్లు తెరవగానే ఇంతమంది నెత్తినెక్కి కూర్చుంటే ఏది మాత్రం లేస్తుంది?"

తెర మీద వరుసగా పేర్లు చూపించింది. కంప్యూటర్ వేయగానే, ఎవరూ అడక్కపోయినా, వాటంతటవే లేచే ప్రోగ్రాములట. ఇన్నేళ్లలో ఎవరెవరు ఏమేం పెట్టారో మాకే తెలియదు.

"ఇది ప్రింటర్‌కి సంబంధించింది. ప్రింటర్ ఏదీ?"

"తుఫానులో తడిసిపోయింది గదా," అన్నాను.

"అయితే ఆపేస్తున్నా."

"ఉండనీ ఇందాయ్," అన్నాడు మనోంగ్ దోరో. మా వైపు పిల్ల వయసు ఆడవాళ్లను అలాగే పిలుస్తాం. "మళ్లీ కొంటామేమో."

"సరే. ఈ కబుర్ల ప్రోగ్రామ్? దీని కంపెనీయే ఎత్తేశారు."

నాకు చప్పున మా చెల్లెలు గుర్తొచ్చింది. హాంకాంగ్‌లో పనికి వెళ్లిన కొత్తలో అది దాంట్లోనే రాసేది. "అది కాస్త ఉంచుతావా?" అన్నాను.

"ఇప్పుడు ఫోన్లో మాట్లాడుకుంటున్నారుగా?"

"మాట్లాడుకుంటున్నాంలే. అయినా..."

మైలీన్ నా మొహంలోకి చూసి దాన్ని అలాగే వదిలేసింది. తర్వాతిది పాడితే మార్కులు వేసే ప్రోగ్రామ్. అదెవరిదని అడిగితే మనోంగ్ దోరో కిటికీలోంచి బయటకు చూస్తూ, "నాది కాదు," అన్నాడు. మళ్లీ తనే, "అయినా అదేం చేసింది, ఉండనీ," అన్నాడు. ఆయన తలుపు వేసుకుని పాడుకోవడం స్టేషన్ మొత్తం విన్నదే.

మైలీన్ కుర్చీ మా వైపు తిప్పుకుంది. "మనోంగ్, ఆపడమంటే చెరిపేయడం కాదు. ఈ టిక్కు తీస్తే అది తనంతట తాను లేవదు, అంతే. కావలసినప్పుడు మీరే పిలుచుకోవచ్చు. ఎవర్నీ ఇల్లు ఖాళీ చేయమనడం లేదు. పిలవని పేరంటానికి రావద్దంటున్నాను."

ఆ మాటతో ఇద్దరం దారికొచ్చాం. సగం ఆపి, కంప్యూటర్‌ని మళ్లీ వేసి చూసింది. కాస్త నయం. మిగిలినవాటిలో మళ్లీ సగం ఆపింది. ఇంకాస్త నయం. చివరికి ఒకటి మిగిలింది. అది ఉన్నంతసేపూ తెర నల్లగా అలాగే నిలబడిపోతోంది.

"అసలు దొంగ ఇదే. పేరు చిత్రంగా ఉంది. 'పారే' అట."

పారే అని మగవాళ్లు ప్రాణస్నేహితుణ్ని పిలుచుకుంటారు. తమ బిడ్డకు జ్ఞానస్నానం నాడు పెద్దదిక్కుగా నిలిచినవాణ్ని. మనోంగ్ దోరో కొడుక్కి అలా నిలిచింది రుస్తికోయే.

"ఇదేం చేస్తుందో తెలుసా మనోంగ్?"

"తెలియదు. తీసెయ్," అన్నాడాయన.

ప్రింటర్ లేకపోయినా ప్రింటర్ ప్రోగ్రామ్‌ని వదులుకోలేని మనిషి, దీన్ని మాత్రం ఒక్క మాటలో తీసేయమన్నాడు. మైలీన్ తీసేసింది. ఈసారి నేను కాఫీలో చక్కెర కలిపేలోపే కంప్యూటర్ లేచి కూర్చుంది. మనోంగ్ దోరో చప్పట్లు కొట్టాడు. మిగిలిన సుమన్‌లన్నీ ఆ అమ్మాయికే కట్టి ఇచ్చాం.

తర్వాత కొన్నాళ్లు కరెంటు పోలేదు. జులై నెల సగంలో ఓ రాత్రి గాలివాన కొట్టింది. తెల్లవారేసరికి వాన వెలిసింది, కరెంటూ వచ్చింది. నేను ఎప్పటిలాగే ఆటోలాంటి ట్రైసికిల్ ఎక్కి స్టేషన్‌కి బయల్దేరాను. డ్రైవర్ రేడియో పెట్టాడు. మా స్టేషన్ హోరు లేకుండా చక్కగా పలుకుతోందని సంతోషించబోతున్నాను, టపాకాయలు పేలాయి. ఆ వెనకే బూరలు మోగాయి.

"శ్రోతలందరికీ కొత్త సంవత్సర శుభాకాంక్షలు!" అన్నాడు రేడియోలో మనోంగ్ దోరో. గొంతు ఇప్పటికంటే పల్చగా ఉంది.

"ఈ ఏడాది మా దోరో పంది మాంసం మానేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. మీరంతా సాక్ష్యం," అంది ఇంకో గొంతు. అది రుస్తికోది.

"నువ్వు చెప్పిన వాన చెప్పిన రోజున పడితే మానేస్తా, పారే."

"అయితే ఈ జన్మకు తింటూనే ఉంటావు."

ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఒకరు ఆపితే ఇంకొకరు అందుకుంటున్నారు. మాట్లాడబోయి మళ్లీ నవ్వుతున్నారు. డ్రైవర్ బండి నెమ్మది చేశాడు.

"మనాంగ్, వీళ్లిద్దరూ ఎప్పుడు కలిసిపోయారు?"

"కలవలేదు."

"మరి ఇవాళ తేదీ ఎంత?"

నాకు వాళ్లు విడిపోయిన రోజు గుర్తొస్తోంది. అప్పట్లో సముద్రం కబురు చెప్పేది రుస్తికోయే. ఒక సాయంత్రం మేఘాలు చూసి, రేపు పడవలు దించవద్దని గట్టిగా చెప్పాడు. ఎవరూ దించలేదు. మర్నాడు సముద్రం పళ్లెంలో నీళ్లలా కదలకుండా ఉంది. ఆ పొద్దున మనోంగ్ దోరో మైకులో, "మా రుస్తికో చెప్పిన తుఫాను దారిలో ఏదో పెళ్లి భోజనానికి ఆగిపోయినట్టుంది," అన్నాడు. ఊరంతా నవ్వింది. రేవులో పిల్లలు కూడా ఆయన్ని చూసి, పెళ్లి భోజనం ఎలా ఉందని అడిగారు. రుస్తికో చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద మెల్లగా పెట్టి వెళ్లిపోయాడు. అంతకుముందు వెయ్యిసార్లు ఒకరి మీద ఒకరు వేసుకున్న వేళాకోళమే అది. ఆ రోజు మాత్రం ఎందుకో తగలకూడని చోట తగిలింది.

స్టేషన్‌కి వెళ్లేసరికి మనోంగ్ దోరో అప్పటికే వచ్చి ఉన్నాడు. చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకున్నాడు. కంప్యూటర్ ముందు నిలబడి వింటున్నాడు తప్ప ఆపడం లేదు. నేనే మైకు తెరిచి, తేదీ చెప్పి, సముద్రం కబురు చదివాను. మైకు మూయగానే కంప్యూటర్ మళ్లీ బూరలు ఊదింది.

మైలీన్ బడికి వెళ్లే దారిలో పరుగున వచ్చింది. తెర మూలన ఉన్న గడియారం చూసింది. అక్కడ జనవరి ఒకటి అని ఉంది, అదీ ఎప్పటిదో సంవత్సరం.

"లోపలి బ్యాటరీ చచ్చిపోయింది," అంది. "కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపించేది అదే. అది లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ దీనికి జనవరి ఒకటే. ఏ తేదీకి ఏది వేయాలో అది వేస్తోంది, పాపం."

"ఆ రికార్డింగ్ ఇన్నేళ్లూ రాలేదే?" అన్నాను.

"జనవరి ఒకటిన మీరే మైకులో ఉంటారు గదా, దానికి పని పడలేదు. కానీ మనాంగ్, బ్యాటరీ ఇప్పుడు పోయింది కాదు. ఎప్పుడో పోయింది. ఇన్నాళ్లూ కరెంటు వచ్చిన ప్రతిసారీ దీనికి ఎవరో తేదీ చెబుతున్నారు." అక్కడ ఆగి, మనోంగ్ దోరో వైపు చూసింది. "నేను ఆపింది దాన్నే."

అప్పుడే గుమ్మంలో రుస్తికో కనిపించాడు. రేడియో విని, ఇంజన్ ఒకటి విప్పి పడేసి వచ్చానని నాతో చెప్పాడు. నాతోనే చెప్పాడు.

"నా గడియారం ఎవరు ఆపారు చోలింగ్?"

"నేనే మనోంగ్," అంది మైలీన్.

మనోంగ్ దోరో తడబడుతూ, "రండి. కూర్చోండి," అన్నాడు.

మునుపైతే 'రారా' అనేవాడు. ఒకే పళ్లెంలో తిన్న మనుషులు.

రుస్తికో కూర్చోలేదు. మైలీన్ అడిగినదానికల్లా నిలబడే జవాబు చెప్పాడు. కంప్యూటర్ లేవగానే ఇంటర్నెట్‌లో సరైన టైము ఎక్కడుందో అడిగి తెచ్చుకునేలా ఆ ప్రోగ్రామ్ రాశాడట. ఒకచోట పలక్కపోతే ఇంకోచోట, అక్కడా లేకపోతే మరోచోట. టైము దొరికేదాకా మిగిలినవాటిని లేవనివ్వదు.

"దాని ఆలస్యమంతా అందులోనే ఉంది," అంది మైలీన్. "మీరు రాసిన చోట్లు చాలావరకు ఎత్తేశారు మనోంగ్. అది తెలియక, ఒక్కో గుమ్మం దగ్గరా తలుపు తడుతూ నిలబడుతోంది. చిట్టచివరి ఇంట్లోవాళ్లు మాత్రం పలుకుతున్నారు."

"అలా రాయకూడదు నిజానికి," అన్నాడు రుస్తికో. "ఇన్నేళ్లు ఉంటుందని రాయలేదమ్మా. సాన్ హోసే పట్నం నుంచి బ్యాటరీ తెచ్చేదాకా సర్దుకుంటుందని రాశాను. వారం రోజుల పని."

"మరి బ్యాటరీ తేలేదా?"

"ఆ వారంలోనే వెళ్లిపోయాను."

"నాకో మాట చెప్పాల్సింది," అన్నాడు మనోంగ్ దోరో.

"మీరు అడగలేదు."

మైలీన్ తల వంచుకుని కంప్యూటర్ పెట్టె మరలు విప్పసాగింది. లోపల దుమ్ము వేలెడు మందాన ఉంది. రుస్తికో జేబులోంచి బిళ్లలాంటి చిన్న బ్యాటరీ తీసి ఇచ్చాడు. చేపలు తూచే కాటాలోంచి ఊడదీసుకొచ్చాడట. వాళ్లావిడ ఇవాళ చేపల్ని చేత్తో తూచుకోవాలి అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

బ్యాటరీ పెట్టి, తేదీ సరిచేసి, వైరు పీకి మళ్లీ పెట్టింది. కంప్యూటర్ గబుక్కున లేచింది. జులై అనే చూపించింది. సరిగ్గా ఆ వేళకు పడాల్సిన సబ్బు ప్రకటన పడింది.

"ఇక బడికి వెళ్తాను," అంటూ లేచి, "ఆ కొత్త సంవత్సరం రికార్డింగ్ చెరిపేయమంటారా?" అని అడిగింది మైలీన్.

ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. తర్వాత ఇద్దరూ నేల చూశారు.

ఆ అమ్మాయి వెళ్లాక మనోంగ్ దోరో బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. "ఆ రోజు గాలి మనవైపు రాలేదు గానీ, ఉత్తరాన పడవలు బోల్తా కొట్టాయి. రెండ్రోజుల తర్వాత తెలిసింది నాకు," అన్నాడు. "తెలిసీ చెప్పలేదు. మైకులో నవ్వినవాణ్ని, మైకులోనే చెప్పాల్సింది."

"మైకులో అక్కర్లేదు. ఇంటికొచ్చి చెబితే సరిపోయేది."

"వచ్చాను. మీ గేటు దాకా వచ్చాను. నీ కుక్క మొరిగింది."

రుస్తికో ఆయన మొహంలోకి మొదటిసారి చూశాడు. "అది అందరికీ మొరుగుతుందిరా," అన్నాడు.

పాట అయిపోవచ్చింది. నేను మైకు దగ్గరకు వెళ్లాలి. వెళ్లాను. ఆ తర్వాత వాళ్లేం మాట్లాడుకున్నారో నేను వినలేదు. మార్కెట్లో అడిగినవాళ్లందరికీ అదే చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

రుస్తికో మళ్లీ సముద్రం కబురు చెప్పడానికి ఒప్పుకోలేదు. మనోంగ్ దోరో రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. కానీ రుస్తికో శనివారాలు స్టేషన్‌కి వస్తున్నాడు. కొత్త కంప్యూటర్‌లో నడిచేలా ఆ సాఫ్ట్‌వేర్‌ని మైలీనూ ఆయనా కలిసి తిరగరాస్తున్నారు. ఆ అమ్మాయి కసురుతుంది, ఈయన గొణుగుతాడు, పని మాత్రం సాగుతోంది. మనోంగ్ దోరో వాళ్ల వెనక నిలబడి అదెందుకు, ఇదెందుకు అని అడుగుతుంటే ఇద్దరూ విసుక్కుని బయటకు పంపేస్తారు. ఆయన మెట్ల మీద కూర్చుని, కాసేపు ఓర్చుకుని, అక్కణ్ణుంచే మళ్లీ మొదలుపెడతాడు.