బదులు నిలబడ్డ నీడ

పొద్దున్నే సూరత్ బమ్రోలి గల్లీలో నీళ్ళు వస్తాయి. వజ్రమ్మ బిందెలు నింపి, భర్త సోమలింగానికి రొట్టెల డబ్బా కట్టి, అతను సాంచాల ఖాతాకు, అంటే మరమగ్గాల షెడ్డుకు, బయలుదేరాక గడపలో కూర్చుని ఎదురింటి వైపు చూస్తుంది. ఎదురిల్లు మరిది సాంబయ్యది. చూడకుండా ఉంటే పోయేదానికి, చూసి మరీ కడుపు మండించుకోవడం ఆమెకు చాయ్ తాగినంత అలవాటు.

మండదా మరి! సాంబయ్య పోర్చుగల్‌లో బట్టల మిల్లులో ఐదేళ్ళు పనిచేసి, దుమ్ముకు ఊపిరాడక తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ రెండో నీడను వెంట తెచ్చుకున్నాడు. ఒకటి సూరత్ ఎండకు పడేది, రెండోది ఆ దేశపు ఎండకు. అక్కడ పొద్దు మనకన్నా ఆలస్యం కాబట్టి, ఇక్కడ దీపాలు పెట్టాక కూడా ఆ నీడ వాకిట్లో పడి ఉండేది. గల్లీలో ఎవరూ వింతగా చూడలేదు. రెండు దేశాల్లో చెమటోడ్చినవాడికి రెండు నీడలుండవా అన్నారు. అతని భార్య పద్మారాణి మాత్రం మధ్యాహ్నాలు ఆ నీడలో కరివేపాకు ఆరబెట్టి, ఎవరూ అడగకుండానే, విదేశీ నీడలో ఆరితే రంగు పోదని చెప్పేది.

సోమలింగం నీడేమో ఉతికి ఉతికి వెలిసిన లుంగీలా పలచన. తిండి చాలకనేమో అని వజ్రమ్మ గుడ్లు పెట్టి చూసింది, నెయ్యి పోసి చూసింది. మనిషికి పొట్ట వచ్చింది గానీ నీడకు నలుపు రాలేదు.

ఇంతలో పింఛను సంగతి వచ్చింది. పీఎఫ్ ఉన్న మిల్లులో పదేళ్ళు నిండితేనే పింఛను. సోమలింగం ఎనిమిదేళ్ళు చేశాక అతని మిల్లు మూతపడింది. ఆ తర్వాత జీవితమంతా చిన్న ఖాతాల్లోనే గడిచింది, అక్కడ పీఎఫ్ మాటే లేదు. సాంబయ్యకు సూరత్‌లో ఉన్నది ఐదేళ్ళే. కానీ రెండు దేశాల మధ్య ఒప్పందం ఉందట, అక్కడి ఐదు ఇక్కడి ఐదుతో కలుపుతారట. పద్మారాణి గల్లీ అంతా పేడాలు పంచింది. వజ్రమ్మకు రెండు ఎక్కువే పెట్టింది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, పింఛను రానందుకు వజ్రమ్మ ఎన్నడూ ఏడవలేదు. ఆ పేడాలు తిన్నాక మాత్రం ఏడ్చింది. తిండి దగ్గర మొగుణ్ణి పట్టుకుని దులిపేసింది. అతను పళ్ళెంలోంచి తల ఎత్తకుండా, "తమ్మునికి దక్కితె మనకు దక్కినట్టె గదనే," అన్నాడు.

"అయినోళ్ళకు ఆకుల్ల, కానోళ్ళకు కంచాల్ల. ఎప్పుడు నీకు తమ్ముడే. నేనెవర్ని?"

నిజం చెప్పాలంటే ఆమె కుళ్ళు పింఛను మీద కాదు. తమ్ముడి పేరెత్తితే మొగుడి ముఖంలో వచ్చే ఆ వెలుగు మీద.

ఏ దేశంలో ఏళ్ళు గడిపినవాడికి ఆ దేశపు నీడ ఉండాలి, అది చూశాకే పింఛను రాస్తారు. అలా నీడలు సరిచూసే రోజున పింఛను ఆఫీసుకు సాంబయ్య, పద్మారాణిలతో పాటు వజ్రమ్మ కూడా వెళ్ళింది. తోడుకని చెప్పింది గానీ, ఏదో ఒకటి అడ్డం పడకపోతుందా అన్న ఆశే ఆమెను బస్సెక్కించింది. ఆఫీసర్ సాంబయ్యను ఎండలో నిలబెట్టి ముందు పోర్చుగల్ నీడను చూశాడు. బాగుందన్నాడు. తర్వాత సూరత్ నీడను చూడడానికి నాలుగడుగులు నడవమన్నాడు.

సాంబయ్య నడిచాడు. సూరత్ నీడ రెండు పొరలుగా విడింది. పైపొర అతని వెంట తిన్నగా పోయింది. కిందిపొర కుడి భుజం దించి, ఎడమకాలు ఈడ్చుకుంటూ వెనక వచ్చింది.

ఆ భుజం వజ్రమ్మకు తెలియదా! ఇన్నేళ్ళూ మొగుడి భుజానికి నూనె రాసింది తనే కదా. పోర్చుగల్ పోకముందు సాంబయ్య క్షయ పట్టి ఊళ్ళో మంచాన పడిన రెండేళ్ళు గుర్తొచ్చాయి. సాంచ ఖాళీగా ఉంటే సేఠు ఊరుకోడు. అన్నకు బదులు తమ్ముడు, తండ్రికి బదులు కొడుకు అదే పేరుతో నిలబడి నడపడం మిల్లుల్లో మామూలే. సోమలింగం మిల్లు మూతపడింది కూడా సరిగ్గా అప్పుడే. ఎక్కడో పని దొరికిందని, సేఠు జీతం ఎగ్గొట్టాడని ఆమెకు చెప్పాడు. ఆ రెండేళ్ళూ ఆమె నూలు కండెలు చుట్టి పిల్లలను సాకింది. మొగుడు నిలబడింది తమ్ముడి సాంచ మీదే. జీతం తమ్ముడి మందులకు పోయింది, ఏళ్ళు తమ్ముడి పేరు మీద పడ్డాయి, నీడ అక్కడే ఉండిపోయింది.

వజ్రమ్మకు ఒళ్ళంతా మండింది. నోరు మూసుకుంటే పద్మారాణి ఇల్లు నిలుస్తుంది. ఆమె మూసుకోలేదు.

"ఏమయ్యా, ఇంటికి పోదాం, దా," అని పిలిచింది.

నీడ తలెత్తి ఆమె వైపు వచ్చింది. నీడ ఎవరిదైతే ఏళ్ళు వాళ్ళవేనని ఆఫీసర్ మామూలుగా చెప్పి, తర్వాతి మనిషిని పిలిచాడు. సోమలింగానికి పది నిండాయి. సాంబయ్యకు రెండు తగ్గాయి. పద్మారాణి కొంగు నోట్లో కుక్కుకుంది.

"వదినె, నాకు తెల్వదు. అన్న ఎన్నడు చెప్పలే," అన్నాడు సాంబయ్య, ఆయాసపడుతూ.

తిరుగు బస్సులో నీడ వజ్రమ్మ పక్క సీట్లో కూర్చుంది. ఇంట్లో సోమలింగం దాన్ని చూసి మంచం మీద పక్కకు జరిగాడు. పింఛను మొదలైంది, అతను ఖాతా మానేశాడు. సాయంత్రాలు వాకిట్లో కూర్చుంటే నీడ నల్లగా, నిండుగా పడేది. వజ్రమ్మ ఎదురింటికి కనబడేలా మంచం అక్కడే వేయించింది.

పదిహేను రోజులకు సాంబయ్య ఆ రెండేళ్ళు పూడ్చుకోవడానికి సూరత్ పక్కనున్న సచిన్‌లో పీఎఫ్ ఉన్న మిల్లులో చేరాడు. మెట్లెక్కితేనే రొప్పే మనిషి సాంచాల మధ్య వారం బతకడని గల్లీ అంతా అనుకుంది. వారం గడిచింది, నెల గడిచింది. మనిషి నిక్షేపంగా తిరిగొస్తున్నాడు. గేటు దగ్గర వేలిముద్ర వేసి స్టూలు మీద కూర్చుంటాడట, సాంచాలు నీడే నడుపుతుందట. పక్కవాళ్ళు ఆ మాట చెప్పినప్పుడు పోర్చుగల్ నీడేమో అనుకుంది వజ్రమ్మ.

మర్నాడు బిందెలు పక్కన పెట్టి, కాపు కాసి చూసింది. మొగుడి మంచం కింద నుంచి నీడ లేచింది. ఎడమకాలు ఈడ్చుకుంటూ గల్లీ దాటి సాంబయ్య వెనక చేరింది. మంచం మీద సోమలింగం మళ్ళీ వెలిసిన లుంగీ నీడతో కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"నువ్వే పంపినవా?"

"నేను పంపలే," అన్నాడతను. "దానికి అలవాటు."

వజ్రమ్మ గడప దాటి, ఆ రోజు ఆఫీసు వాకిట్లో పిలిచినట్టే పిలిచింది. సాంబయ్య ఆగాడు. డబ్బా అందిస్తున్న పద్మారాణి ఆగింది. నీడ ఆగలేదు.