ఏమీ అడగని బల్ల

టేపు మేడం మీద ఆమెకున్న కోపం ఒక్కటే. అడగకుండా ఉండాల్సింది. సరే, అడిగింది పో, విన్నదాన్ని విన్నట్టు తీసుకెళ్లి గోడకెక్కించకుండా ఉండాల్సింది.

టేపు మేడం అంటే యూనివర్సిటీలో రోడ్ల గురించీ వీధుల గురించీ పాఠాలు చెప్పే మనిషి. మెడలో గొలుసుకు బదులు కొలతల టేపు వేలాడుతుంటుంది కాబట్టి వీధి పిల్లలు ఆ పేరు పెట్టారు. యూనివర్సిటీవాళ్లూ మున్సిపాలిటీవాళ్లూ చేతులు కలిపి ఊరిని బాగుచేస్తారట, ముందుగా ఈ వీధినే తీసుకున్నారట అని పోయినేడాది కబురొచ్చింది. చేతులు కలిపింది వాళ్లు. కప్పులు కడిగిన చేతులు మాత్రం ఈమెవి. ఎందుకంటే వీధి కమిటీకి అధ్యక్షుడు ఈమె భర్త, ప్రతి ఆదివారం మీటింగు ఈమె ముందుగదిలో. ఆయన తల కూడా తిప్పకుండా "ఓ ఎనిమిది టీలు" అనేవాడు, హోటల్లో కూర్చున్నట్టు. హోటల్లోనైతే చివర్లో డబ్బులు అడుగుతారన్న భయమైనా ఉండేది.

ఆమె ఉద్యోగం పెద్దాసుపత్రిలో, విచారణ కిటికీ వెనక. పొద్దున తొమ్మిదికి కూర్చున్నది మొదలు అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. ఎక్స్‌రే ఎటు, పిల్లల డాక్టరు వచ్చాడా, మా నాన్నని ఏ వార్డులో వేశారు. అందరికీ చెప్పాలి, చిరాకు పడకుండా చెప్పాలి, చెప్పిందే ఐదుసార్లు చెప్పాలి. సాయంత్రం ఇంటికొస్తే అక్కడ ఇంకో కిటికీ తెరుచుకుని ఉంటుంది. నా కళ్లజోడేది, నా మందుబిళ్లలేవి, అమ్మా నా జామెట్రీ బాక్సేది, రాత్రికి కూరేంటి, ఎల్లుండికి నా చొక్కా ఇస్త్రీ అయిందా. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆ వస్తువుల్ని అక్కడ పెట్టింది వేరేవాళ్లయినా సరే, తెలియాల్సింది మాత్రం ఆమెకే. ఆసుపత్రి కిటికీకి కనీసం జీతమిస్తారు, ఒంటిగంటకు అరగంటసేపు మూసుకోనిస్తారు. ఇంటి కిటికీకి తలుపులే లేవు.

ఈ రెండు కిటికీల మధ్య ఒక బల్ల ఉండేది. వీధి చివర బస్టాపులో, ఎప్పుడో మూతపడ్డ కొట్టు ముందు, పాత చెక్కబల్ల. ఒక కాలు కింద ఇటుక పెట్టి నిలబెట్టారు. ఆరుకు పది నిమిషాలుందనగా బస్సు దిగేది ఆమె. దిగి, ఆ బల్ల మీద కూర్చుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, చెప్పులు సగం విడిచేది. ఏదైనా ఆలోచించేదా అంటే అదీ లేదు. వచ్చేపోయే బళ్లను చూసేది. ఒక్కోసారి చూసేది కూడా కాదు. ఇరవై నిమిషాలు అలా ఉండి, లేచి, ఇంటికెళ్లి "బస్సు లేటు" అనేది. బస్సులు లేటవడం లోకానికంతా తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ గుచ్చి అడగలేదు. ఆ ఒక్క విషయంలోనే ఇంట్లో ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

ఒకసారి ఆమె ఆ బల్ల మీద ఉండగానే టేపు మేడం విద్యార్థులు వచ్చారు. "ఆంటీ, ఒక్క నిమిషం లేస్తారా" అన్నారు. లేచి నిలబడింది. "పొడవు నాలుగడుగులు, వెడల్పు అడుగు" అని ఒకమ్మాయి అరిచింది, ఇంకొకమ్మాయి రాసుకుంది. వాళ్లు వెళ్లాక మళ్లీ కూర్చుంది. బల్లకు కూడా కొలతలుంటాయని ఆమెకు అప్పుడే తోచింది.

తర్వాతి ఆదివారం మేడం వంటింట్లోకే వచ్చింది. ఖాళీ కప్పులు తనే తెచ్చి సింకులో పెట్టింది. ఆ పని ఇంతవరకూ ఆ ముందుగదిలో కూర్చున్నవాళ్లెవరూ చేయలేదు.

"అక్కా, వీధిలో అందరూ చెప్పారు, మీరొక్కరే మిగిలారు. ఈ ఊళ్లో మీకు నచ్చిన చోటేది?"

"నాదేముందమ్మా. మా ఆయన చెప్పారుగా."

"ఆయన వీధి గురించి చెప్పారు. మీ గురించి మీరు చెప్పండి. పేరు రాయంలెండి."

ఆమెకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లలో ఎంతమంది ఎన్ని అడిగారు! పోయిన వస్తువుల గురించి, వండాల్సిన వాటి గురించి, ఎదుటివాళ్ల రోగాల గురించి. నీ సంగతేంటని అడిగినవాళ్లు లేరు. అలా అడిగించుకోవడం అలవాటు లేని మనిషి కాబట్టే, ఎంతవరకు చెప్పాలో తెలియక అంతా చెప్పేసింది.

మేడం మాట తప్పలేదు. పేరు రాయలేదు.

నెల తిరక్కుండా స్కూలు హాల్లో సభ పెట్టారు. గోడలనిండా పెద్దపెద్ద కాగితాలు, వాటి మీద వీధి ఆడవాళ్ల మాటలు. మున్సిపల్ కమిషనరు వచ్చాడు, యూనివర్సిటీ పెద్దలొచ్చారు. ఆ మాటల్ని మైకులో చదివే బాధ్యత కమిటీ అధ్యక్షుడికి అప్పగించారు. ఆయన ఒక్కో కాగితం దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, మధ్యమధ్య తన చమత్కారం కలుపుతూ చదువుతున్నాడు. చివరి కాగితం దగ్గరికొచ్చాడు.

"'నాకు నచ్చిన చోటు బస్టాపు బల్ల. బస్సు దిగి రోజూ ఇరవై నిమిషాలు కూర్చుంటాను. ఇంట్లో బస్సు లేటని చెప్తాను.' చూశారా ఆడవాళ్ల తెలివి! ఆ మొగుడెవరో గానీ మహా అమాయకుడండీ, పాపం!"

హాలంతా నవ్వింది. ఆయన కూడా మనసారా నవ్వి, కళ్లు తుడుచుకుని కింది వాక్యాల్లోకి దిగాడు.

"'అక్కడ నన్నెవరూ ఏమీ అడగరు. పగలంతా ఆసుపత్రి విచారణ కిటికీలో...'"

ఆగిపోయాడు. ఆ వీధి మొత్తంలో విచారణ కిటికీలో కూర్చునే మనిషి ఒక్కతే. హాల్లో నవ్వు అక్కడక్కడా తెగిపోయింది. వెనక వరసలోంచి ఇస్త్రీ కొట్టాయన మాత్రం ఆపుకోలేక, "ఆ అమాయకుడు దొరికినట్టున్నాడు అధ్యక్షా!" అన్నాడు.

ఆ రోజు ఇంటికొచ్చాక చెప్పులు కూడా విప్పకుండానే మొదలుపెట్టాడాయన. "నలుగురిలో నా తల కొట్టేశావు. అబద్ధాలు చెప్పి రోడ్డు మీద కూర్చునే ఖర్మ నీకేం పట్టింది? అసలు ఇంట్లో నిన్ను ఎవరేం అడుగుతున్నారే?"

అత్తగారు అందుకుంది. "కూర్చోవాలంటే ఇంట్లో కుర్చీల్లేవా అమ్మాయ్? ఆరు కుర్చీలు కొన్నాడు నా కొడుకు."

ఆరున్న మాట నిజమే. దులిపేది ఆమే కాబట్టి ఆమెకు తెలుసు. కూర్చునేవాళ్లకు టీలు అందివ్వడమే తప్ప, వాటిలో ఏది మెత్తనిదో ఏది గట్టిదో మాత్రం తెలియదు. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ, అప్పటికే ఆయన టేబుల్ మీద కాగితాలన్నీ చెదరగొడుతున్నాడు.

"ఇంతకీ నా కళ్లజోడేది?"

"ఫ్రిజ్ మీద" అంది ఆమె.

ఆమె మాటలు కమిషనరు మనసుకు బాగా పట్టాయట. యూనివర్సిటీ పిల్లలు బొమ్మ గీసిచ్చారు, మున్సిపాలిటీ కట్టింది. మూడు నెలల్లో వీధి పొడవునా కాలిబాట పడింది, బస్టాపు మారిపోయింది. రంగు అద్దాల గోడలు, పైన ఫ్యాను, దీపాలు, విడివిడిగా స్టీలు కుర్చీలు, 'మహిళల విశ్రాంతి స్థలం' అని బోర్డు. ఇటుకతో సహా చెక్కబల్లను లారీలో వేసుకుపోయారు. బాగాలేదని ఆమె అనదు. ట్యూషన్ల నుంచి వచ్చే ఆడపిల్లలు చీకటిపడ్డా భయపడకుండా నిలబడుతున్నారు, కూరలమ్మే ముసలామె కాళ్లు చాపుకుంటోంది. అత్తగారికి మరీ నచ్చింది. రోజూ సాయంత్రం మనవరాలిని వెంటేసుకొచ్చి బస్సొచ్చేవేళకు అక్కడే కూర్చుంటోంది.

"గాలి ఎంత బాగుందో! నీకూ తోడుగా ఉంటుంది కదా అమ్మాయ్. రాత్రికి కూరేం చేద్దామనుకుంటున్నావ్?"

"అమ్మా, నా స్కేలు ఎక్కడుంది?"

బస్సు మెట్టు మీద ఒక కాలుండగానే జవాబు చెప్పాల్సి వస్తోంది ఆమెకు.

పని పూర్తయ్యాక ఆఖరి మీటింగు మళ్లీ ఆమె ముందుగదిలోనే పెట్టారు. టేపు మేడం, మున్సిపల్ ఇంజనీరు, వీధిలో పెద్దలు. కాలిబాట వేయడం వల్ల ఎవరికేం పోయిందో చెప్తే రాసుకుంటామన్నారు. కొట్టాయనకు మెట్లు పోయాయి. మూలింటాయనకు గేటు తీసేచోటు ఇరుకైంది. అధ్యక్షుడైతే ఇన్నాళ్లుగా గుండెల్లో మోస్తున్న దుఃఖమంతా బయటపెట్టాడు.

"నా ప్రహరీ అడుగున్నర లోపలికి జరిగింది మేడం. మా నాన్న సంపాదించిన జాగా. అడుగున్నరంటే మాటలా? రాత్రిళ్లు నిద్రపట్టడం లేదు."

మేడం జాలిగా తలూపి రాసుకుంది. తర్వాత టీలు అందిస్తున్న ఆమె వైపు చూసింది. స్కూలు హాల్లో ఆ రోజు తర్వాత మేడం ఆమె కళ్లలోకి చూడటం అదే మొదలు.

"అక్కా, మీకేమైనా పోయిందా?"

"ఆవిడకేం పోతుందండీ!" ఆయన నవ్వాడు. "ఆవిడ పేరున ఏముందని? అన్నట్టు, ఈ టీలో పంచదార లేదు. డబ్బా ఎక్కడ పెట్టావ్?"

డబ్బా ఎక్కడుందో ఆమెకు తెలుసు. చెప్పలేదు. ట్రే టేబుల్ మీద పెట్టింది. గోడవారగా ఖాళీగా ఉన్న ఆరో కుర్చీ లాక్కుని, అందరి మధ్యలోకి జరుపుకుని కూర్చుంది. గట్టి కుర్చీయే. ఆయన ఇంకా డబ్బా కోసం ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"పోయింది మేడం, రాసుకోండి" అంది ఆమె. "నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు జాగా. రోజుకు ఇరవై నిమిషాలు."