మూడు నిమిషాల ఉత్తర్వు

ఆఫీసులో అందరూ ఆమెను టైంటేబులమ్మ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆ సంగతి ఆమెకూ తెలుసు, లోలోపల కాస్త మురిసిపోయేది కూడా. నగర బస్సుల సంస్థలో ప్రణాళికా విభాగం ఆమెది. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలో, ఎప్పుడు చేరాలో ఇరవై రెండేళ్ళుగా ఆమె బల్ల మీదే తేలేది.

కిందటేడు బస్సులు వేళకు రావడం లేదని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. డైరెక్టరు ఆమెను పిలిచి ఏదైనా దారి చూపించమన్నాడు. ఆమె రెండు పేజీల నోటు రాసిచ్చింది. ప్రతి ట్రిప్పూ చివరి స్టాపుకు ఎన్నింటికి చేరిందో చూడాలి. మూడు నిమిషాలు దాటితే ఆలస్యం కింద లెక్క. నెలలో అయిదు ఆలస్యాలైతే డ్రైవరుకు ఒకరోజు సెలవు కోత. ఆ నోటు పై అంతస్తుకు వెళ్ళి, సంతకాలు చేయించుకుని, ఉత్తర్వై దిగివచ్చింది. ఆరు నెలలు తిరక్కముందే నూటికి తొంభై బస్సులు వేళకు చేరుతున్నాయని తేలింది. మంత్రిగారు సభలో మెచ్చుకున్నారు. పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి ఉత్తర్వు నకలు పట్టుకుపోయారు.

ఇంట్లో మాత్రం వేరే పాట వినబడేది. ఆమె ఆడపడుచు వాళ్ళతోనే ఉండేది. పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని, ఏడున్నరకల్లా అక్కడుండాలి. ఈమధ్య ఆవిడ ఇంటినుంచి గంట ముందే బయల్దేరుతోంది. అడిగితే, మార్కెట్ మలుపు దగ్గర బస్సులు ఆగడం లేదంది. టైంటేబులమ్మకు నమ్మబుద్ధి కాలేదు. నువ్వు చెయ్యి సరిగ్గా ఎత్తి ఉండవు వదినా అంది.

"చెయ్యే కాదమ్మాయ్, నిన్న గొడుగు కూడా ఎత్తాను," అంది వదిన. "డ్రైవరు నాకు టాటా చెప్పి మరీ పోయాడు."

నవ్వుకున్నారు గానీ, ఆ మాట టైంటేబులమ్మను వదల్లేదు. ఆఫీసుకు వెళ్ళగానే ఫిర్యాదుల జాబితా తెరిచింది. 'బస్సు ఆపలేదు' అన్న ఫిర్యాదులు ఏడాదిలో నాలుగింతలయ్యాయి. నెలవారీ నివేదికలో వాటికి గడి లేదు. గడి లేదు కాబట్టి ఎవరూ చూడలేదు. ఆ నివేదిక నమూనా గీసింది కూడా తనే.

మర్నాడు పొద్దున్నే వదినతో పాటు మలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. పదకొండు మంది ఉన్నారు. కూరల బుట్టతో ఒకావిడ, కర్ర పట్టుకున్న ముసలాయన, ఆసుపత్రిలో ఊడ్చేవాళ్ళు ముగ్గురు. మొదటి బస్సు వేగం తగ్గించకుండానే వెళ్ళిపోయింది. రెండోది కాస్త తగ్గించి, బుట్ట కనబడగానే మళ్ళీ అందుకుంది. ఎవరూ తిట్టలేదు. అలవాటైపోయినట్టు మళ్ళీ దూరంగా చూడసాగారు. వాళ్ళు తిట్టి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

మూడో బస్సుకు గ్యాస్ లారీ అడ్డం వచ్చింది. అది ఆగగానే జనం దాని వైపు పరుగెత్తారు. టైంటేబులమ్మ ముసలాయన చెయ్యి పట్టుకుని ఎక్కించి, తను డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. నెరిసిన మీసాల మనిషి, స్టీరింగు పక్కన చేతి గడియారం కట్టి పెట్టుకున్నాడు. ఈ స్టాపులో ఎందుకు ఆపరని ఆమె మెల్లగా అడిగింది.

"ఇక్కడ ఎక్కేవాళ్ళకి మెట్లెక్కడానికే నిమిషమున్నర పడుతుందమ్మా," అన్నాడు అద్దంలోంచి చూస్తూ. "ఇక్కడాగితే అక్కడ లేటు. ఇప్పటికే నాలుగు సెలవులు పోయాయి. మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, పురుటికి వెళ్ళాలని పదిరోజులు దాచుకున్నా. ఆరే మిగిలాయి. పెద్దాఫీసులో ఎవరో టైంటేబులమ్మట. ఏనాడైనా బస్సెక్కిందో లేదో గానీ, మా అందర్నీ దొంగల్ని చేసింది."

పక్కన కూర్చున్న వదిన ఆమె మోచేతిని పట్టుకుంది. ఏమీ మాట్లాడొద్దన్నట్టో, మాట్లాడమన్నట్టో తెలియలేదు. టైంటేబులమ్మ ఆసుపత్రి దగ్గర వదినతో పాటే దిగిపోయింది.

ఆరోజు ఆఫీసులో ఆమెకు కాలు నిలవలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళడం, రావడం, తెరిచిన ఫైలే మళ్ళీ తెరవడం. మధ్యాహ్నానికి పాత కాగితాల్లో దొరికింది అసలు విషయం. ఆ దారిలో ప్రయాణం నలభై నిమిషాలని కొలిచింది ఒక సెలవురోజున, ఖాళీ రోడ్డు మీద. అడుగున తన సంతకమే.

డైరెక్టరు చెడ్డవాడు కాదు. మొత్తం విన్నాడు, తల పట్టుకున్నాడు. తొంభై అన్న అంకె సభలో చదివేశారని, ఇప్పుడది డెబ్బై అయితే తను పైవాళ్ళకు ఏ ముఖం చూపించాలని అడిగాడు.

"నా ముఖం చూపించండి సార్," అంది ఆమె. "నోటు రాసింది నేనేగా."

మూడు వారాలు పై అంతస్తు మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్ళు అరిగాయి. చివరికి ఉత్తర్వు మారింది. సెలవుల కోత ఆగింది. ప్రతి ట్రిప్పుకూ తొమ్మిది నిమిషాలు కలిపారు. బస్సులు అవే, డ్రైవర్లు వాళ్ళే. అందుకని ఒక్కో బస్సుకు రోజుకో ట్రిప్పు తగ్గించాలి. ఏది తగ్గించాలన్నది మళ్ళీ ఆమె బల్ల మీదికే వచ్చిపడింది.

ఈసారి ఆమె కాగితం ముట్టుకోకుండా నాలుగు రోజులు బస్సుల్లోనే తిరిగింది. ఆసుపత్రి దారిలో మధ్యాహ్నం రెండున్నర ట్రిప్పు ఖాళీగా ఉంటుందని లెక్కలో ఉంది. ఎక్కి చూస్తే ఏడుగురున్నారు, అందులో అయిదుగురు ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకుని ఇళ్ళకు పోయేవాళ్ళు, తలలు కిటికీకి ఆనించి. దాన్ని తీసేయడానికి చెయ్యి రాలేదు. సాయంత్రం నాలుగూ పదిది నిండుగానే ఉంది గానీ, దాని వెనక ఇరవై అయిదు నిమిషాలకు ఇంకోటుంది. అదే కొట్టేసింది. వదిన రోజూ ఇంటికొచ్చేది అందులోనే.

ముందుగా డిపోకు వెళ్ళి ఆ మీసాల డ్రైవరును వెతికి పట్టుకుంది. కోత ఆగిందని చెప్పింది. పోయిన నాలుగూ వెనక్కి వస్తాయా అని అతను ఆశగా అడిగాడు. రావని, వెనకటి తేదీలకు వర్తించదని పైవాళ్ళు రాశారని చెప్పింది. మొదటి ఉత్తర్వు రాసింది కూడా తానేనంది.

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. "ఆరోజు నా వెనక కూర్చున్నది మీరేనా? చెప్పొద్దూ, ఇంకా నాలుగు తిట్లున్నాయి, పెద్దావిడ ఉందని ఆగాను," అన్నాడు. నవ్వలేదు. నీళ్ళసీసా తీసుకుని బస్సు వైపు వెళ్ళిపోయాడు. కూతురి దగ్గర ఆరు రోజులే ఉండి వచ్చాడని ఆమెకు తర్వాత తెలిసింది.

ఇంట్లో చెప్పడం ఇంకా కష్టమైంది. వదిన విని, కాసేపు అరచేతులు రుద్దుకుంది. రోజంతా వేడి దుప్పట్లు పట్టుకుని అవి ఎర్రగా ఉంటాయి.

"ఇరవై అయిదు నిమిషాలు నిలబడాలన్నమాట. ఆసుపత్రి స్టాపులో కూర్చోడానికి బల్ల కూడా లేదు. అది ఎవరి పని?"

"రోడ్ల శాఖది వదినా."

"అక్కడ నీకెవరైనా తెలుసా?"

ఎవరూ తెలియదు. మర్నాడు భోజనం మానేసి ఆ శాఖ ఎక్కడుందో కనుక్కుని వెళ్ళింది. గుమాస్తా అర్జీ చదివి, బల్ల వేయాలంటే ఆ స్టాపులో రోజూ ఎంతమంది ఆగుతారో ధ్రువీకరించిన లెక్క కావాలన్నాడు. అది ఎవరివ్వాలని అడిగింది. అతను నిబంధనల పుస్తకం ఆమె వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు. బస్సుల సంస్థ, ప్రణాళికా విభాగం.

అలాంటి లెక్క తమ దగ్గర ఎన్నడూ లేదని ఆమెకు తెలుసు. సోమవారం తెచ్చిస్తానని చెప్పి, గబగబా మెట్లు దిగింది.